24 బెజ్జాలు, ఒక ఫిల్ము: చేత్తో చేసిన పిన్‌హోల్ కెమెరాతో సినిమా తీయడం

హంపి విరూపాక్షాలయానికి వెళ్తే గైడ్లు తప్పకుండా చూపించే చీకటి గది ఒకటుంది. గోడకున్న చిన్న కంతలోంచి వెలుగు లోపలికొచ్చి, ఎదుటి గోడ మీద రాజగోపురం తలకిందులుగా కనిపిస్తుంది. అక్కడ అద్దమూ లేదు, లెన్సూ లేదు. ఆ గోడ ఉన్నచోట ఫిల్ము పెడితే అదే పిన్‌హోల్ కెమెరా. ఇంతవరకు చాలామందికి తెలుసు, స్కూల్లో అట్టపెట్టెతో చేసినవాళ్ళూ ఉంటారు. కానీ దాంతో ఫొటో కాదు, సినిమా తీయాలంటే ఎలా?

చిక్కంతా వెలుగు దగ్గరే వస్తుంది. మామూలు సినిమా కెమెరా సెకనుకు 24 ఫ్రేములు తీస్తుంది. ఒక్కో ఫ్రేముకి సెకనులో 48వ వంతు పాటు వెలుగు తగిలితే చాలు. పిన్‌హోల్‌కి అది సరిపోదు. ఎండలో అర సెకను, నీడలో 10 సెకన్లు, గదిలో నిమిషం పైన పడుతుంది. అంతసేపు తెరిచి ఉంచితే ముందు నుంచి నడిచి వెళ్ళిన మనిషి ఫిల్ము మీద మసకగా సాగిపోతాడు, మరీ ఎక్కువసేపైతే అసలు పడడు. కాబట్టి వస్తువు కదులుతుంటే దాన్ని పట్టుకుందాం అనే ఆలోచన ఇక్కడ వదిలేయాలి. కదలికను మనమే బెజ్జాల వరసలో కట్టాలి. పొడవాటి పెట్టెకి వరసగా 24 బెజ్జాలు పెట్టి, వాటి వెనక ఒకే ఫిల్ము పరిచి, అన్నీ ఒకేసారి తెరిస్తే ఒకే క్షణం 24 చోట్ల నుంచి నమోదవుతుంది. వాటిని వరసగా ఆడిస్తే, కాలం ఆగిపోయి కెమెరా ఒక్కటే పక్కకి జరుగుతున్నట్టు ఉంటుంది.

ఇది కొత్త ఊహేమీ కాదు. ఇటలీకి చెందిన పావ్‌లో జోలీ (1942–2022) సన్నటి లోహపు గొట్టంలో 16 ఎంఎం ఫిల్ము పెట్టి, గొట్టం పొడవునా చిన్న చిన్న బెజ్జాలు వేసి, కెమెరా యంత్రమనేదే లేకుండా సినిమాలు తీశాడు. 1999లో ‘ది మ్యాట్రిక్స్’లో బుల్లెట్లు తప్పించుకునే షాట్‌కి వాడిందీ ఈ సూత్రమే, కాకపోతే అక్కడ బెజ్జాల బదులు ఖరీదైన స్టిల్ కెమెరాలు బారులు తీరాయి. మనం చేయబోయేది జోలీ దారికి దగ్గర. 16 ఎంఎం ఫిల్ము మన ఊళ్ళలో దొరకడం కష్టం కాబట్టి మామూలు స్టిల్ కెమెరా 35 ఎంఎం రోల్ వాడదాం.

ముందుగా ఒక రుచి

ఇంట్లో లెన్స్ విప్పే డిజిటల్ కెమెరా ఉంటే, పెట్టె మొదలుపెట్టే ముందు ఒక గంట దీనికి ఇవ్వండి. లెన్స్ బదులు బిగించే ప్లాస్టిక్ బాడీ క్యాప్ మధ్యలో 5 మి.మీ. రంధ్రం చేసి, లోపలి వైపు బెజ్జం పెట్టిన రేకు అతికించండి. కానన్ డీఎస్ఎల్ఆర్‌లో క్యాప్ నుంచి సెన్సర్‌కి 44 మి.మీ. దూరం, దానికి 0.3 మి.మీ. బెజ్జం సరిపోతుంది. ఎపర్చర్ (వెలుగు వచ్చే దారి) ఎఫ్/150 దగ్గరికి వస్తుంది, అంటే ఆ దూరం బెజ్జం వ్యాసానికి దాదాపు 150 రెట్లు. మంచి ఎండలో ఐఎస్ఓ (వెలుగుకి ఎంత తొందరగా స్పందిస్తుందో చెప్పే అంకె) 4,400 ప్రాంతంలో పెడితే 1/50 సెకను షట్టర్‌తో నేరుగా వీడియోనే తీయొచ్చు. బొమ్మ మెత్తగా, గ్రెయిన్‌తో వస్తుంది. సెన్సర్ మీద ఎన్నాళ్ళుగానో పేరుకున్న దుమ్ము మొత్తం నల్లచుక్కలై తేలుతుంది, కంగారుపడకండి. ఈ మెత్తదనం మీకు నచ్చకపోతే ఇక్కడే ఆగిపోవచ్చు. నచ్చితే పెట్టె మొదలుపెట్టండి.

లెక్క ఒకసారి

35 ఎంఎం ఫిల్ము అంచున ఉండే చిల్లుల మధ్య దూరం 4.75 మి.మీ. నాలుగు చిల్లులు కలిస్తే 19 మి.మీ. అదే మన ఒక్క ఫ్రేము అడుగు, అంటే ఒక ఫ్రేము నుంచి తర్వాతి ఫ్రేముకి జరిగే దూరం. 24 ఫ్రేములకి 456 మి.మీ. అంటే పెట్టె అర మీటరు లోపే. 36 ఫొటోల రోల్‌లో ఇలాంటివి మూడు వరసలు, మొత్తం 72 ఫ్రేములు పడతాయి. సెకనుకు 12 ఫ్రేముల చొప్పున ఆడిస్తే 6 సెకన్లు. రోల్ మొత్తానికి ఇంతేనా అనిపిస్తుంది, నిజమే. ఎడిటింగ్‌లో దీన్ని ఎలా సాగదీయొచ్చో కింద చెబుతాను.

బెజ్జం సైజుకి భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ లెక్కను తేలిక చేసుకుంటే ఇలా ఉంటుంది: బెజ్జానికీ ఫిల్ముకీ మధ్య దూరం మి.మీ.లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 0.045తో గుణించండి. 20 మి.మీ. దూరానికి 0.2 మి.మీ. వస్తుంది. 25 అయితే 0.22. బెజ్జం ఇంకా పెద్దదైతే బొమ్మ అలుక్కుపోతుంది. మరీ చిన్నదైతే వెలుగు అంచుల దగ్గర వంగి, అప్పుడూ అలుక్కుపోతుంది.

పెట్టెకి కావలసినవి

ఎలక్ట్రికల్ షాపులో వైరింగుకి వాడే పీవీసీ కేసింగ్ పట్టీ అడగండి. దానికి మూత టక్కున బిగుస్తుంది, మనకి కావలసింది ఆ గుణమే. లోపలి వెడల్పు 36 మి.మీ.కి తగ్గకూడదు, లోతు 20 నుంచి 25 మి.మీ. ఉండాలి. సైజులు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి స్కేలు వెంట తీసుకెళ్ళి లోపల పెట్టి కొలవండి. 480 మి.మీ. పొడవు కోయించుకుంటే చాలు. ఇవి కాక నల్ల మౌంట్ బోర్డు, నల్ల ఇన్సులేషన్ టేపు రెండు చుట్టలు, మ్యాట్ బ్లాక్ స్ప్రే, ఫెవిక్విక్, ఖాళీ థమ్సప్ లేదా బీరు క్యాన్లు, సన్నటి కుట్టుసూది, 600 నంబరు వాటర్ పేపర్ కావాలి. ఫొటో ల్యాబ్‌కి వెళ్ళి డెవలప్ చేశాక పారేసే ఖాళీ ఫిల్ము క్యాసెట్ (రోల్ ఉండే చిన్న డబ్బా) ఒకటి అడగండి. నోట్లోంచి వేలెడు ఫిల్ము తోక బయటికి ఉన్నదైతేనే పనికొస్తుంది.

తెల్ల పీవీసీలోంచి వెలుగు లోపలికి దిగుతుంది. ఇది చాలామంది నమ్మరు. పట్టీ లోపల టార్చి వెలిగించి చీకట్లో చూస్తే తెలుస్తుంది. అందుకే లోపలా బయటా రెండేసి కోట్లు నల్ల స్ప్రే కొట్టి, ఆపైన బయట అంతా నల్ల టేపు చుట్టండి.

బెజ్జాలు: ఈ పనిలో సగం ఇదే

క్యాన్‌ని కత్తిరించి, రేకుని 15 మి.మీ. చదరపు ముక్కలుగా చేయండి. ఒక్కో ముక్కని దళసరి అట్ట మీద పెట్టి, సూది నిలువుగా పట్టుకుని మొన మాత్రమే దిగేలా నొక్కండి. సూది అవతలికి దూరకూడదు. రేకు తిప్పితే చిన్న బొడిపె కనిపిస్తుంది. దాన్ని వాటర్ పేపర్ మీద గుండ్రంగా రుద్ది చదును చేయండి. మళ్ళీ సూది మొనతో మెల్లగా తాకి, వేళ్ళ మధ్య తిప్పి, మళ్ళీ రుద్దండి. రెండు మూడు విడతల్లో గుండ్రటి, బొడిపె లేని బెజ్జం తయారవుతుంది. అంచు దగ్గర చిన్న పీచు మిగిలినా బొమ్మ మీద మసక పడుతుంది.

కొలవడానికి ఫ్లాట్‌బెడ్ స్కానర్ కంటే మంచి సాధనం లేదు. రేకుల్ని 2,400 డీపీఐలో (అంగుళానికి అన్ని పిక్సెళ్ళు) స్కాన్ చేస్తే ఒక్కో పిక్సెల్ సుమారు 0.0106 మి.మీ. అంటే 0.2 మి.మీ. బెజ్జం అడ్డంగా 19 పిక్సెళ్ళు ఉండాలి. స్కానర్ లేకపోతే మందుల షాపులో 31 గేజ్ ఇన్సులిన్ సూది కొత్తది తెచ్చుకోండి. దాని మందం దాదాపు 0.25 మి.మీ. అది బెజ్జంలోంచి దూరిందంటే ఆ బెజ్జం పెద్దదైపోయినట్టే, ఆ రేకు పక్కన పెట్టేయండి. పని అయ్యాక సూదికి మూత పెట్టి జాగ్రత్తగా పారేయండి.

24 కావాలంటే 40 చేసుకుని, స్కాన్‌లో 18 నుంచి 20 పిక్సెళ్ళ మధ్య ఉన్నవి ఏరుకోవాలి. ఇంత పట్టుదల ఎందుకంటే వెలుగు బెజ్జం వ్యాసం మీద కాదు, వైశాల్యం మీద ఆధారపడుతుంది. 0.2 బదులు 0.22 అయితే వెలుగు 21 శాతం పెరుగుతుంది. 0.25 అయితే సగానికి పైగా ఎక్కువ. 24 ఫ్రేములు ఆడించినప్పుడు ఆ తేడా మినుకుమినుకుమంటూ కనిపిస్తుంది. కొంచెం మినుకు నాకిష్టమే, చేత్తో చేసినదని అదే చెబుతుంది. కానీ ఆ మినుకు మీరు కావాలని ఉంచుకున్నదై ఉండాలి. ప్రతి ఆరో బెజ్జం కాస్త పెద్దది పెడితే సెకనుకి రెండుసార్లు తెర మీద వెలుగు కొట్టుకుంటుంది. అదొక తాళం. ఎక్కడ పడితే అక్కడ పెద్ద బెజ్జాలు పడితే అది కన్నుకి ఇబ్బంది.

పెట్టె కట్టడం

పట్టీ అడుగున, రెండు అంచుల వెంటా సన్నటి మౌంట్ బోర్డు పట్టీలు అతికించి మధ్యలో 35.5 మి.మీ. దారి వదలండి. ఫిల్ము ఈ దారిలో నడుస్తుంది.

మూతకి సరిగ్గా మధ్య గీత గీసి, 19 మి.మీ.కి ఒకటి చొప్పున 24 గుర్తులు పెట్టండి. ప్రతి గుర్తు దగ్గరా 5 మి.మీ. బిట్‌తో రంధ్రం వేయండి. ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకి కొలుచుకుంటూ పోవద్దు, చిన్న చిన్న పొరపాట్లు కూడుకుంటాయి. స్కేలు ఒక్కచోటే ఉంచి 0, 19, 38, 57 అంటూ అన్నీ ఒకేసారి గుర్తుపెట్టండి. తర్వాత రేకుల్ని మూత లోపలి వైపు, బెజ్జం రంధ్రం నడిమికి వచ్చేలా, నల్ల టేపుతో అతికించండి.

ఇప్పుడు గేటు, అంటే ఫిల్ముకి ఆనుకుని ఒక్కో ఫ్రేముకీ హద్దు గీసే అట్ట. నల్ల మౌంట్ బోర్డులో 17 × 24 మి.మీ. కిటికీలు 24, అదే 19 మి.మీ. అడుగుతో కోయాలి. కొత్త బ్లేడు వాడండి, ఇది ఒక సాయంత్రం పట్టే పని. మొదటి కిటికీ అంచున బ్లేడు మొనతో చిన్న త్రికోణం చెక్కండి. ఫిల్ము మీద వరస ఎక్కడ మొదలైందో తర్వాత ఆ ముద్రే చెబుతుంది. గేటునీ మూతనీ కలుపుతూ, ప్రతి కిటికీకీ మధ్య నల్ల అట్ట అడ్డుగోడలు నిలబెట్టండి. మూత, అడ్డుగోడలు, గేటు అన్నీ కలిసి ఒకే ముక్కగా ఉండాలి, మూత తీస్తే అన్నీ ఒకేసారి పైకి రావాలి. ఎందుకో ఫిల్ము ఎక్కించేటప్పుడు చీకట్లో మీకే తెలుస్తుంది.

అడ్డుగోడలు తీసేస్తే ఏమవుతుంది? పక్కపక్క బెజ్జాల బొమ్మలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. మొదటి పెట్టెకి వద్దు గానీ రెండో పెట్టెకి కావాలనే అలా చేసి చూడండి, అందులో కూడా సినిమా ఉంది.

రెండు చివరలా క్యాసెట్లు పెట్టె బయటే ఉంటాయి, వాటి నోరు పట్టీ చివరకి ఆనుకుని టేపుతో బిగుస్తుంది. ఖాళీ క్యాసెట్ వైపు, స్పైరల్ బైండింగ్ ప్లాస్టిక్ నుంచి కోసిన మొన తేలిన చిన్న ముక్కని ఫిల్ము చిల్లులకి తగిలేలా అమర్చండి. ఫిల్ము లాగినప్పుడు ఒక్కో చిల్లుకీ టిక్ మంటుంది. 100 టిక్కులు లెక్కపెడితే 475 మి.మీ., అంటే ఒక వరసా, ఒక ఫ్రేము ఖాళీ.

రెండు షట్టర్లు

మొదటిది పొడవాటి మౌంట్ బోర్డు రెక్క. మూత పొడవునా ఒక అంచుకి బట్ట టేపుతో కీలు వేస్తే, ఎత్తగానే 24 బెజ్జాలూ ఒకేసారి తెరుచుకుంటాయి.

రెండోది జారుడు పట్టీ. మీటరు పైన పొడవున్న నల్ల అట్ట పట్టీకి మధ్యలో 190 మి.మీ. చీలిక కోసి, మూత మీద రెండు పట్టాల మధ్య జారేలా పెట్టండి. దాన్ని సెకనుకు 19 మి.మీ. చొప్పున లాగితే ఒక్కో బెజ్జానికీ 10 సెకన్ల వెలుగు తగులుతుంది, పక్క బెజ్జం ఒక సెకను ఆలస్యంగా తెరుచుకుంటుంది. మొత్తం 33 సెకన్లు. ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ పెట్టుకుని, పట్టీ మీద 19 మి.మీ.కి ఒక గీత గీసుకుంటే చెయ్యి నిలకడగా నడుస్తుంది. రెక్కతో కాలం ఆగుతుంది. జారుడు పట్టీతో కాలమూ చోటూ కలిసి నడుస్తాయి.

ఫిల్ము కంటే ముందు కాగితం

ఫిల్ము ఇప్పుడు చవక కాదు. మొదటి పరీక్ష బ్లాక్ అండ్ వైట్ ఫొటో పేపర్ మీద చేయండి. గడువు దాటినదైనా పర్లేదు. ఎర్ర లైటు కింద 35 మి.మీ. వెడల్పు పట్టీలుగా కోసి పెట్టెలో పరవండి. దాని ఐఎస్ఓ 6 దగ్గర అనుకోవచ్చు, ఎండలో 6 లేదా 7 సెకన్లు చాలు. ట్రేలో రెండు నిమిషాల్లో ఫలితం తేలుతుంది. రెక్క అసలు ఎత్తకుండా పెట్టెని పది నిమిషాలు ఎండలో పెట్టి ఇంకో పట్టీ డెవలప్ చేయండి. నల్లబడిన చోటల్లా వెలుగు కారుతోందని అర్థం, అక్కడ ఇంకో పొర టేపు వేయండి. ఈ పరీక్ష వదిలేసి నేరుగా రోల్ ఎక్కించాలనిపిస్తుంది. వద్దు.

ఫిల్ము ఎక్కించడం

వెలుతురు ఉండగానే కొత్త రోల్ లీడర్ (క్యాసెట్ బయటికి ఉన్న ఫిల్ము మొదలు) కొసని నిటారుగా కోసి, ఖాళీ క్యాసెట్ తోకకి రెండువైపులా టేపుతో అతికించండి. ఇక్కడి నుంచి చీకటి కావాలి. రాత్రిపూట కిటికీ లేని గది అయితే సరిపోతుంది, తలుపు కింద చీర మడతపెట్టి కుక్కండి. మూత తీసి, నిండు క్యాసెట్ నుంచి పెట్టె పొడవంత ఫిల్ము లాగి, మసకగా ఉండే ఎమల్షన్ (వెలుగుకి స్పందించే పూత) వైపు బెజ్జాలకి ఎదురుగా ఉండేలా దారిలో పరచండి. మూత నొక్కి, క్యాసెట్లను చివరలకి బిగించి, కీళ్ళన్నిటి మీదా టేపు వేయండి. మూతా గేటూ ఒకే ముక్కగా చేయమన్నది ఇందుకే. మొదటి వరస తీశాక ఇక చీకటితో పని లేదు, 100 టిక్కులు తిప్పి రెండోది తీయొచ్చు. మూడు వరసలూ అయ్యాక మళ్ళీ చీకట్లోకి వెళ్ళి పాత క్యాసెట్‌లోకే వెనక్కి చుట్టి, టేపు అతుకు దగ్గర కోసేయండి.

ఎంతసేపు తెరవాలి

20 మి.మీ.కి 0.2 బెజ్జం అంటే ఎఫ్/100. ఫోన్‌లో లైట్ మీటర్ యాప్ పెట్టుకుని ఎఫ్/16 దగ్గర చూపించిన సమయాన్ని 40తో గుణించండి. ఐఎస్ఓ 100 ఫిల్ముకి మిట్టమధ్యాహ్నం ఎండలో అర సెకను లోపే, మబ్బు పట్టినప్పుడు 2 సెకన్లు, దట్టమైన మబ్బులో 4 వస్తాయి. ఒక సెకను దాటాక ఫిల్ము వెలుగుని అదే వేగంతో తీసుకోదు, అందుకని సమయం పెంచాలి. ఇల్ఫోర్డ్ ఎఫ్‌పీ4 ప్లస్ అనే బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము వాడుతుంటే లెక్క 4 సెకన్లు వస్తే 6, లెక్క 10 వస్తే 18, లెక్క 40 వస్తే 100 పైన ఇవ్వండి. ఇంటి అరుగు నీడలో లెక్క 6 సెకన్ల చిల్లర వస్తుంది, 10 ఇస్తే సరిపోతుంది. కిటికీ పక్కన గదిలో అయితే నిమిషంన్నర దాటుతుంది. ఐఎస్ఓ 400 ఫిల్ము తీసుకోవద్దు. ఎండలో సెకనులో పదో వంతు వస్తుంది, అట్ట రెక్కని అంత వేగంగా ఎత్తి దించడం చేతితో కాదు. సందేహం ఉంటే ఎక్కువే ఇవ్వండి, నెగెటివ్ ఫిల్ము ఎక్కువ వెలుగుని ఓర్చుకుంటుంది, తక్కువని ఓర్చుకోదు.

ఏం తీయాలి

ఈ పెట్టెతో దూరపు దృశ్యం తీస్తే రోల్ వృథా. లెక్క చూడండి. 30 సెం.మీ. దూరంలో ఉన్న వస్తువు దగ్గర ఒక ఫ్రేము వెడల్పు 255 మి.మీ. బెజ్జం 19 మి.మీ. చొప్పున జరుగుతుంది కాబట్టి ఆ వస్తువు 13 ఫ్రేముల్లో, అంటే సెకను పైచిలుకులో తెర దాటేస్తుంది. అదే 3 మీటర్ల దూరంలో ఉన్నది 24 ఫ్రేములకీ కలిపి తెరలో ఆరో వంతు మాత్రమే జరుగుతుంది. కొండలు, మేడలు దాదాపు కదలవు. దగ్గరది దూసుకుపోతుంటే వెనకది నిలబడి ఉండడం, ఈ పెట్టె ఇచ్చే అసలు ఆనందం అదే. పైగా పిన్‌హోల్‌కి ఫోకస్ గొడవ లేదు, చెయ్యి దూరంలో ఉన్నదీ చెరువు అవతలిదీ ఒకే స్పష్టతతో వస్తాయి. కాబట్టి ప్రతి షాట్‌లోనూ 30 నుంచి 60 సెం.మీ. దగ్గర ఒకటి, నాలుగైదు మీటర్ల దగ్గర ఇంకొకటి ఉండేలా చూసుకోండి. పూలకొట్టులో వేలాడే దండలు, వాటి వెనక బజారు. గాజుల దుకాణంలో వరసలు. మిర్చి కల్లంలో నేలకి జానెడు ఎత్తున పెట్టె.

పెట్టె అడ్డంగా పెడితే ఫ్రేము నిలువుగా వస్తుందని గమనించారా? ఫిల్ము పొడవునా 17, అడ్డంగా 24 మి.మీ. ఫోన్‌లో చూపించడానికి ఇదే సరిపోతుంది. అడ్డం ఫ్రేము కావాలంటే పెట్టె నిలబెట్టండి. అప్పుడు కదలిక కూడా మారి, కెమెరా కింద నుంచి పైకి లేస్తుంది.

కదిలే వాటిని వదిలేయమని మొదట్లో అన్నాను, ఇక్కడ ఒక మినహాయింపు. రెక్క రెండు సెకన్లు తెరిచినప్పుడు ఎవరైనా తల తిప్పితే ముఖం పొగలా సాగుతుంది. ఆ సాగిన ఆకారం 24 బెజ్జాల్లోనూ ఒకే క్షణానిదే, కాకపోతే 24 కోణాల్లో. ఆడించినప్పుడు ఆ మసక ఆకారానికి ఘనం వస్తుంది, దాని పక్కనుంచి కెమెరా నడుస్తుంది. మామూలు కెమెరాతో ఇది రాదు. చున్నీ విసరడం, సాంబ్రాణి ఊపడం, పిల్లలు గిరగిరా తిరగడం, ఇలాంటివన్నీ ప్రయత్నించదగ్గవే.

మూడు వరసల్నీ ఒకే చోట వాడుకోవడం నేను మొదటి రోల్‌కి సిఫారసు చేసే పద్ధతి. పెట్టెని రెండు పీటల మీద పెట్టి క్లాంపులతో కదలకుండా బిగించండి. ముందు కొండపల్లి బొమ్మలు నాలుగు నిలబెట్టండి, వెనక కిటికీ. మొదటి వరస మామూలుగా తీయండి. రెండో వరసలో సగం సమయం గడిచాక ఒక బొమ్మని తీసేయండి, అది పారదర్శకంగా వస్తుంది. మూడోది జారుడు పట్టీతో తీస్తూ, బొమ్మల్ని మెల్లగా చేత్తో తిప్పండి. పెట్టె కదల్లేదు కాబట్టి మూడు వరసల్లోనూ ఐదో బెజ్జం ఒకే చోటు నుంచి చూసింది. ఎడిటింగ్‌లో మొదటి వరస 12వ ఫ్రేము నుంచి రెండో వరస 13వ ఫ్రేముకి దూకితే నడక ఆగదు, కానీ బొమ్మ దెయ్యమైపోతుంది.

బయట తీసేవాళ్ళకి ఒక మాట. నల్ల టేపు చుట్టిన అర మీటరు పెట్టెని బస్టాండులో పెట్టి పక్కన నిలబడితే పోలీసులు పలకరించడం ఖాయం. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ‘కెమెరా’ అని రాసి, అనుమతి తీసుకుని మొదలుపెట్టండి.

డెవలప్ చేయడం

ల్యాబ్‌కి ఇస్తే కవరు మీదే రాయండి: ‘డెవలప్ మాత్రమే, కట్ చేయొద్దు, స్కాన్ వద్దు’. అలవాటు కొద్దీ ఆరేసి ఫొటోల ముక్కలుగా కోస్తే మీ ఫ్రేముల మధ్యలోంచి కత్తెర పోతుంది.

ఇంట్లో చేస్తే ఎఫ్‌పీ4 ప్లస్‌కి ఐడీ-11 డెవలపర్ ఒకటికి ఒకటి నీళ్ళు కలిపి 20 డిగ్రీల్లో 11 నిమిషాలు. మన వేసవిలో ట్యాంకు నీళ్ళు 35 దాటుతాయి కాబట్టి డెవలపర్ సీసాని ఐసు వేసిన బకెట్‌లో పెట్టండి. ఐసు ముక్క డెవలపర్‌లో వేయొద్దు, పలచబడుతుంది. 20కి దింపలేకపోతే 24 దగ్గర ఆపి సుమారు 8 నిమిషాలకి తగ్గించండి. ఫిక్సర్ (బొమ్మని స్థిరపరిచే ద్రావణం), కడిగే నీళ్ళు కూడా దాదాపు అదే వేడిలో ఉంటే మంచిది. వాడిన ఫిక్సర్‌లో వెండి ఉంటుంది, పెరట్లో పోయకండి.

ఫిల్ము నుంచి ఫైలుకి

ఫిల్ముని లైట్ ప్యాడ్ మీద, మెరిసే వైపు పైకి ఉండేలా పెట్టి, మాక్రో లెన్స్ ఉన్న కెమెరాతోనో, స్టాండుకి బిగించిన ఫోన్‌తోనో ఒక్కో ఫ్రేమూ తీయండి. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ రెండూ లాక్ చేయాలి. చిల్లులు కూడా ఫొటోలో పడనివ్వండి. తర్వాత రంగులు తిరగేసి, ఫ్రేముని 180 డిగ్రీలు తిప్పాలి. పట్టీ మొత్తాన్ని తిప్పినప్పుడు వరస కూడా తిరగబడుతుంది, ఒకటో బెజ్జం కుడి చివరకి వెళ్తుంది. త్రికోణం ముద్ర చూసి ఫైళ్ళకి నంబర్లు వేయండి, లేకపోతే కెమెరా మీరు అనుకున్న దిక్కుకి ఎదురు నడుస్తుంది.

ఫొటోలు సరిచేసే సాఫ్ట్‌వేర్ జింప్‌లో శుభ్రం చేసుకుని, వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో ఇమేజ్ సీక్వెన్స్‌గా తెరవండి. ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాలి. ఫ్రేముల్ని చిల్లుల ఆధారంగా ఒకదాని మీద ఒకటి సరిపెడితే, బెజ్జాలు అటూ ఇటూ పడిన తేడాలన్నీ తెర మీద కుదుపుగా వస్తాయి. అలా కాక వెనకనున్న కిటికీ మూలని ఆధారం చేసుకుంటే వెనకది కదలకుండా నిలిచి, ముందున్న బొమ్మలు మాత్రమే జారుతాయి. మొదటి పద్ధతిలో పెట్టె కనిపిస్తుంది, రెండో పద్ధతిలో గది కనిపిస్తుంది. నేను ఎక్కువగా రెండోదే వాడతాను, కుదుపు కథలో భాగమైనప్పుడు తప్ప. వెలుగు తేడాలు మరీ ఎక్కువ ఉన్న ఫ్రేముల్ని మాత్రమే సరిచేయండి, మినుకు తగ్గించే డీఫ్లికర్ లాంటి సాధనాలు వాడితే అన్నీ చదునైపోతాయి.

6 సెకన్లని సినిమా చేయడం

సెకనుకు 24 చొప్పున ఆడిస్తే ఒక వరస కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోతుంది. 12 దగ్గర కదలిక నునుపుగా ఉంటుంది, 8 దగ్గర ఒక్కో బెజ్జమూ విడిగా తెలుస్తుంది. 1 నుంచి 24 వరకు వెళ్ళి, 23 నుంచి 2 వరకు వెనక్కి వస్తే 46 ఫ్రేముల ఊయల, 12 చొప్పున దాదాపు 4 సెకన్లు. ఆపకుండా తిరుగుతుంది. ఆ ఊగుతున్నప్పుడే ఒక్కో ఫ్రేమునీ వేరే వరస నుంచి తెచ్చిన అదే నంబరు ఫ్రేముతో మారుస్తూ పోతే, నడక అదే ఉంటూ లోకం మారిపోతుంది. మూడు వరసలతో అలా నిమిషం వరకు లాగొచ్చు, అంతకు మించితే చూసేవాళ్ళకి కిటుకు తెలిసిపోతుంది. మూడు నిమిషాల సినిమాని ఏ ఫ్రేమూ మళ్ళీ వాడకుండా 8 చొప్పున తీయాలంటే 1,440 ఫ్రేములు, అంటే 20 రోళ్ళు. కాబట్టి పొట్టిగా ఉండనివ్వండి. ధ్వనికి తీసిన చోటే ఫోన్‌తో రెండు నిమిషాలు రికార్డు చేసుకుని రండి, బొమ్మ ఆగి ఉన్నా బజారు శబ్దం సాగుతూ ఉంటే బాగుంటుంది.

రెండో పెట్టె

తిన్నని వరస అలవాటయ్యాక అర్ధవలయం ప్రయత్నించండి. అవే 24 బెజ్జాల్ని అర్ధవలయంగా వంచితే వ్యాసార్ధం 139 మి.మీ. వస్తుంది. నడిమిన పెట్టిన వస్తువు చుట్టూ కెమెరా సగం తిరుగుతుంది. ఆ దూరంలో ఫ్రేము వెడల్పు 118 మి.మీ., ఒక మామిడిపండు నిండుగా పడుతుంది. పీవీసీ వంగదు కాబట్టి రెండు ప్లైవుడ్ అర్ధచంద్రాల మధ్య మౌంట్ బోర్డు గోడలు వంచి అతికించాలి. బెజ్జాలు లోపలి వంపు మీద, ఫిల్ము బయటి వంపు వెంట ఉంటాయి. బయటి వంపు 20 మి.మీ. దూరం కాబట్టి అక్కడ ఫ్రేము అడుగు 19 కాదు, దాదాపు 21.7 అవుతుంది. కిటికీలు ఆ లెక్కన కోయండి. నాలుగు చిల్లులకి ఒక ఫ్రేము అనే లెక్క ఇక కుదరదు, వరస పొడవు 520 మి.మీ. అవుతుంది కాబట్టి టిక్కులు 110కి పెంచుకోండి. రోల్‌కి మూడు వరసలు పట్టవు, రెండే.

ప్రతి ఏటా ఏప్రిల్ చివరి ఆదివారం ప్రపంచ పిన్‌హోల్ ఫొటోగ్రఫీ దినం. ఆ రోజు తీసిన ఒక్క ఫొటోని ఎవరైనా పంపొచ్చు. మీ వరస నుంచి ఒక ఫ్రేము తీసి పంపండి. ఏప్రిల్ చివరంటే మనకి ఎండ దంచేస్తుంది, షట్టర్ సమయం అర సెకను దాటదు.